చీటీలు అంటించిన చట్టం

బంటుమిల్లి చుట్టుపక్కల ఒక పంచాయతీ ఆఫీసు. ఊరి పేరెందుకులెండి. మా మేనత్తగారి పాత పెంకుటిల్లు పడగొట్టి, రోడ్డువైపు రెండు కొట్లు, వెనక ఇల్లు కట్టుకుందామని అనుమతి కోసం వెళ్లాం. కార్యదర్శిగారు మంచి మనిషి. బీరువా తెరిచి ఓ లావుపాటి పుస్తకం తీసి బల్లమీద పెట్టారు. అట్ట ఊడిపోతే దారంతో కట్టారు. లోపల నాలుగైదు పేజీలకో చీటీ. సవరణ వచ్చినప్పుడల్లా కొత్త వాక్యాన్ని కత్తిరించి పాత వాక్యం మీద అంటించడం ఆఫీసుల్లో ఎప్పటినుంచో ఉన్న అలవాటు. కొన్నిచోట్ల చీటీ మీద చీటీ ఉంది. ఒకచోట జిగురు ఎండి చీటీ రాలిపోయింది, కింది వాక్యం మళ్లీ పైకి తేలింది.

"ఇందులో ఏది చెల్లుతుందండీ?" అన్నాడు మా బావ.

"ఇప్పుడు ఇది చూడం బాబూ. జీవో చూస్తాం."

"ఆ జీవో ఏదండీ?"

ఆయన నవ్వి, పైఆఫీసులో అడిగి చెబుతానన్నారు. ఆయన్ని తప్పుపట్టలేను. తన చేతిలో ఉన్న చట్టం ఈ ఉదయానికి ఎలా ఉందో చెప్పే పుస్తకం ఆయనకు ఎవరూ ఇవ్వలేదు.

ఊళ్లనూ పట్నాలనూ నడిపే చట్టాలు, నిబంధనలు, ఉపవిధులు అన్నీ ఏరి, చచ్చినవాటిని తీసేసి, బతికున్నవాటిని వరసలో పెట్టి, కాలానికి తగినట్టు దిద్దడం చాలా దేశాల్లో మామూలుగా జరిగే పని. మన దగ్గర అది ముక్కలుముక్కలుగా జరిగింది. ఎక్కడ ఎంత జరిగిందో, ఎక్కడ ఆగిపోయిందో కృష్ణా డెల్టా చివరి ఊళ్లనుంచి చూస్తే బాగా కనిపిస్తుంది. ఇక్కడ పొరలు ఎక్కువ.

బందరుతోనే మొదలుపెడదాం. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెన బందరును ఊడ్చేసింది. ముప్ఫైవేల మంది దాకా పోయారని లెక్క. రెండేళ్లకు, 1866లో, అక్కడ మున్సిపాలిటీ ఏర్పడింది. దానికి ఆధారం 1865లో మద్రాసులో చేసిన పట్టణాభివృద్ధి చట్టం. ఆ తర్వాత 1871లో ఒకటి, 1884లో ఒకటి, 1920లో ఒకటి, ఇలా పాతదాన్ని రద్దుచేస్తూ కొత్తవి వచ్చాయి. రద్దు అన్నమాటే గాని, కొత్త చట్టం చివర ఒక మినహాయింపు వాక్యం ఉంటుంది: పాత చట్టం కింద చేసిన నిబంధనలు దీనికి విరుద్ధం కానంతవరకు సాగుతాయని. చింత చచ్చినా పులుపు చావనట్టు, చట్టం పోయినా దాని పిల్లలు మిగిలిపోయేది ఆ వాక్యం వల్లే.

బందరులో ఇంకో తమాషా. ఫ్రెంచిపేట అని ఈరోజుకీ పిలిచే చోట ఫ్రెంచివాళ్లకు చిన్న ముక్క ఉండేది. చుట్టూ ఇంగ్లీషువాళ్ల రాజ్యం, మధ్యలో గజాల లెక్కన ఇంకో దేశపు హక్కు. అది మనకు అప్పజెప్పింది 1947 అక్టోబరులో, అంటే స్వాతంత్ర్యం వచ్చాక. ఒక్క ఊళ్లో వీధి మారితే చట్టం మారడం బందరువాళ్లకు కొత్త కాదన్నమాట.

1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్. మద్రాసు నుంచి వచ్చిన జిల్లాలకు ఒక చట్టం, నిజాం రాజ్యం నుంచి వచ్చిన జిల్లాలకు మరొకటి. ఈ రెంటినీ కలిపి పట్టణాలకు ఒకే చట్టం చేసింది 1965లో. ఆంధ్రప్రదేశ్ మున్సిపాలిటీల చట్టం అదే. నా దృష్టిలో ఈ మొత్తం కథలో నిజంగా కూర్పు అనదగ్గ పని అదొక్కటే. మద్రాసు నడక, హైదరాబాదు నడక రెండూ చూసి ఒక పుస్తకం చేశారు. గుడివాడ, పెడన లాంటి పట్టణాలు ఇప్పటికీ ఆ పుస్తకం కిందే ఉన్నాయి.

కార్పొరేషన్ల దగ్గర మాత్రం ఆ ఓపిక చూపలేదు. హైదరాబాదుకు 1955లో వేరే చట్టం ఉండేది. విశాఖకు 1979లో, బెజవాడకు 1981లో చెరో చట్టం చేశారు. మిగతా ఊళ్లు కూడా కార్పొరేషన్లు అయ్యేసరికి 1994లో ఒక చిన్న చట్టం తెచ్చారు. దాని సారాంశం: కొత్త కార్పొరేషన్లకు హైదరాబాదు చట్టాన్నే చదువుకోండి. బందరును కార్పొరేషన్ చేయాలని 2015లో నిర్ణయించారు, తొలి ఎన్నికలు 2021 మార్చిలో జరిగాయి. నూటయాభై ఏళ్లు మద్రాసు వంశపు చట్టంలో పెరిగిన ఊరు దాంతో హైదరాబాదు వంశంలోకి దత్తత వెళ్లింది. ఈలోపు, 2014లో, హైదరాబాదే వేరే రాష్ట్రానికి వెళ్లిపోయింది! ఆంధ్రప్రదేశ్‌లో ఆ 1955 చట్టానికి పేరు మార్చి ఆంధ్రప్రదేశ్ మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం అంటున్నారు. లోపలి ఇల్లు పాతదే.

పేర్ల సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. మన పాత చట్టాల పేర్లలో బ్రాకెట్లో "ఆంధ్ర ఏరియా" అని ఉంటుంది. 1939 నాటి ప్రజారోగ్య చట్టం అలాంటిదే. తెలంగాణ ఏరియా నుంచి వేరు చేయడానికి పెట్టిన గుర్తు అది. ఆ రెండో ఏరియా ఇప్పుడు ఈ రాష్ట్రంలో లేదు, గుర్తు మాత్రం ఉంది. ఉన్న చట్టాలను కొత్త రాష్ట్రాలకు తగ్గట్టు మార్చుకోవడానికి 2014 నాటి రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ చట్టం 101వ సెక్షన్ రెండేళ్ల గడువిచ్చింది. ఆ రెండేళ్లలో ఎక్కువగా జరిగింది పేర్ల మార్పే. ఒక్కో చట్టాన్నీ తెరిచి, ఇది మనకు ఇంకా కావాలా అని అడిగే అవకాశం అలా చేజారింది.

పట్నాలు సరే, పల్లెల సంగతి చూద్దాం. బంటుమిల్లి లాంటి మండల కేంద్రం లెక్కల్లో పల్లే, చూపులకు చిన్న పట్నం. 1884 లోకల్ బోర్డుల చట్టం, 1920లో మరొకటి, 1950లో మద్రాసు గ్రామ పంచాయతీల చట్టం, 1964లో ఆంధ్రప్రదేశ్ గ్రామ పంచాయతీల చట్టం, చివరకు 73వ రాజ్యాంగ సవరణ తర్వాత 1994 పంచాయతీరాజ్ చట్టం. ఈ చివరిది పంచాయతీలను, మండల పరిషత్తులను, జిల్లా పరిషత్తులను ఒక్క గూటికి చేర్చింది. మంచిపనే. కానీ పాత గుడ్డలతో కుట్టిన బొంతలా, అందులో పాత మాటలు అలాగే కనిపిస్తాయి.

60వ సెక్షన్‌లో పంచాయతీ వేయదగిన పన్నుల్లో ఇంటిపన్ను పక్కనే కొలగారం, కాటారుసుం అని ఉంటాయి. ఊళ్లో కొలిచి, తూచి, లెక్కపెట్టి అమ్మే సరుకు మీద పన్ను. ఇంగ్లీషులో రాసిన చట్టంలో ఈ తెలుగు మాటలు చూసినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది. వడ్లు కుంచాలతో కొలిచే రోజుల వాసన అది. ఇప్పుడు బంటుమిల్లి చుట్టూ కొలిచేది టన్నుల్లో చేపలు, రొయ్యలు. చెరువు గట్టు మీదే కాటా వేసి లారీకి ఎత్తేస్తారు. కొలగారం ఆ కాటాకు వర్తిస్తుందా, సరుకు అమ్ముడైంది ఊళ్లోనా, కొనుగోలుదారు ఊళ్లోనా? రైతు సమాధానం ఒకటి, పంచాయతీ సమాధానం ఒకటి. చట్టం నోరు విప్పదు.

బందెలదొడ్డి మరో ముచ్చట. పరాయి చేలో పడిన పశువును తోలుకొచ్చి కట్టేసే దొడ్డి. దానికి మూలం 1871 నాటి పశువుల చొరబాటు చట్టం. చిన్నప్పుడు మా ఊరి బందెలదొడ్డిలో గేదెను విడిపించుకోవడానికి మా తాతతో వెళ్లిన జ్ఞాపకం ఉంది. వరిచేలు చెరువులయ్యాయి, పశువులు తగ్గాయి, దొడ్డి జాగాలో ఇంకేదో వచ్చింది. చట్టం మాత్రం ఉంది. కాలవల మీద పడవలకు, రేవులకు, బల్లకట్లకు 1890లో చేసిన చట్టం కూడా ఉంది. కృష్ణ దాటడానికి పులిగడ్డ వద్ద వంతెన 2006లో వచ్చింది. అంతకుముందు దివిసీమ మనిషికి ఆ రేవు ఎంత ముఖ్యమో చెప్పక్కర్లేదు. ఇవన్నీ పనికిరానివని నేననను. దివిసీమలో బల్లకట్టు ఇంకా తిరిగే చోట రేవు చట్టం బతికున్నట్టే. ఏది బతికుందో ఏది లేదో ఎవరో ఒకరు చూసి రాయాలి కదా అన్నదే నా గోడు.

చచ్చిందనుకున్నది కరిచిన సందర్భమూ ఉంది. కాలవ గట్ల మీద ఇళ్లు వేసుకున్న కుటుంబాలు డెల్టా పొడవునా ఉన్నాయి. వాళ్లకు వచ్చే "సెక్షన్ ఏడు నోటీసు" 1905 నాటి భూ ఆక్రమణల చట్టం నుంచి వస్తుంది. నూటఇరవై ఏళ్ల చట్టం గూడ్స్ బండిలా నెమ్మదిగా వస్తుంది గాని, వచ్చిందంటే ఆగదు. అదే గట్టు నీటిపారుదల శాఖ చేతిలో ఉంటుంది, ఇంటిపన్ను పంచాయతీ కట్టించుకుంటుంది, కరెంటు మీటరు ఇంకొకరిస్తారు. "పన్ను కట్టించుకున్నారు కదా, మళ్లీ లేచిపొమ్మంటారేంటండీ" అనే మాట ఈ ప్రాంతంలో వినని పంచాయతీ సభ్యుడు ఉండడు. పన్ను కట్టినంత మాత్రాన హక్కు రాదన్నది చట్టం తెలిసినవాళ్ల జవాబు. రెండు చట్టాలూ ఒకే పుస్తకంలో పక్కపక్కన ఉంటే, పన్ను రసీదు మీదే ఆ ముక్క అచ్చువేసి ఉండేవారేమో.

మా మేనత్తగారి ఇంటికి తిరిగి వద్దాం. ఆ ఒక్క ఇంటికి ఎన్ని పుస్తకాలు కావలసి వచ్చాయంటే: ఇల్లు కట్టడానికి అనుమతి పంచాయతీరాజ్ చట్టం 121వ సెక్షన్. ఎంత జాగా వదలాలి, ఎంత ఎత్తు కట్టాలి అనేది 2002లో పంచాయతీలకు చేసిన లేఅవుటు, భవన నిబంధనలు. కానీ ఊరు ఏదైనా పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలోకి వస్తే ఆ పుస్తకం మూసేసి 2017 భవన నిబంధనలు తెరవాలి. బందరు చుట్టుపక్కల ఊళ్లకు 2016లో ఒక అభివృద్ధి సంస్థ ఏర్పడింది. దాన్నే ఇప్పుడు ముడా అంటున్నారు. గీత ఇవతల ఒక పుస్తకం, అవతల ఇంకోటి. వెనక జాగా ఒకప్పుడు వరిచేను కాబట్టి, సాగుభూమిని వేరే పనికి మార్చడానికి చేసిన 2006 నాటి నాలా చట్టం. ఆ చట్టాన్నే తీసేయాలని ప్రభుత్వం 2025లో నిర్ణయించింది. కొట్లలో పెట్టే వ్యాపారానికి లైసెన్సు 119వ సెక్షన్. పట్నాల్లో దీన్నే డీ అండ్ ఓ లైసెన్సు అంటారు, ప్రమాదకరమైన, జనానికి ఇబ్బంది కలిగించే వ్యాపారాలని అర్థం. ఎండుగడ్డి, ఎముకలు నిలవచేసేవాళ్లను దృష్టిలో పెట్టుకుని పుట్టిన ఆలోచన అది. ఇప్పుడు సెల్‌ఫోన్ల రిపేరు కొట్టుకూ అదే కాగితం అడుగుతారు. మా బావ ఆ పేరు విని, "నా కొట్టు ప్రమాదకరమా?" అని బిక్కమొహం వేశాడు.

పొలం చెరువైతే కథ ఇంకా పెద్దది. ఆంధ్రప్రదేశ్ ఆక్వా అభివృద్ధి సంస్థ చట్టం 2020, ఉప్పునీటి దగ్గరైతే కేంద్రం చేసిన 2005 తీరప్రాంత ఆక్వా చట్టం, తీరప్రాంత నియంత్రణ నిబంధనలు, నీళ్లకు 1997 నీటి సంఘాల చట్టం, బోరుకు 2002 వాల్టా చట్టం. ఇవన్నీ పక్కన పెట్టినా, మురుగు కాలవలోకి చెరువు నీళ్లు వదిలితే పక్క చేను రైతు ఎవరి దగ్గరికి వెళ్లాలన్న ప్రశ్నకు పంచాయతీ చట్టంలో సూటి జవాబు లేదు. ఈ ప్రాంతంలో తగాదాలన్నిటికీ అసలు ముడి అక్కడే ఉంది.

ఇన్ని పుస్తకాలుంటే ఇంకో నష్టం, ఒకే నిర్ణయాన్ని పదేపదే రాయాలి. ఇద్దరు పిల్లలకు మించి ఉన్నవాళ్లు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధనను 2024 నవంబరులో ఎత్తేశారు. దానికి శాసనసభలో పంచాయతీలకో బిల్లు, పట్టణాలకో బిల్లు కావలసి వచ్చింది. పట్టణాల బిల్లు మళ్లీ 1955 చట్టాన్నీ 1965 చట్టాన్నీ రెంటినీ దిద్దాలి. అద్దె విలువ పద్ధతి నుంచి ఆస్తి విలువ పద్ధతికి పన్ను మార్చిన 2020 సవరణకూ అదే తిప్పలు. ఒక చీటీ ఒక పుస్తకంలో అంటించి, రెండోదాన్లో మరిచిపోతే?

ఇతరులు ఏం చేశారో చూద్దాం. కేరళ 1994లోనే కార్పొరేషన్లకు, మున్సిపాలిటీలకు, చిన్న పట్టణాలకు కలిపి ఒకే చట్టం చేసుకుంది. ఊరు పెరిగి స్థాయి మారినా చట్టం మారదు. బందరుకు పట్టిన దత్తత అక్కడ ఏ ఊరికీ పట్టదు. తమిళనాడు 1998లో అలాంటి చట్టం చేసింది, కానీ 2000లో ఆపేసింది. 2022లో మళ్లీ దిద్ది, నిబంధనలతో సహా అమలులోకి తెచ్చింది 2023 ఏప్రిల్‌లో. అంటే బందరును ఒకప్పుడు నడిపిన ఆ 1920 మద్రాసు చట్టం పక్క రాష్ట్రంలో 2023 దాకా ఊపిరి పీల్చింది. ఆలస్యమైనా తమిళనాడు పద్ధతిలో ఒక తెలివి ఉంది: చట్టం, నిబంధనలు ఒకే రోజు అమల్లోకి వచ్చాయి. పాత నిబంధనలు మినహాయింపు వాక్యం పట్టుకుని వేలాడే అవసరం తగ్గింది.

తెలంగాణ వేగం వేరు. 2018లో కొత్త పంచాయతీరాజ్ చట్టం, 2019లో కొత్త మున్సిపాలిటీల చట్టం. రెండోది 1965 చట్టాన్నీ 1994 చట్టాన్నీ కలిపి ఒకటి చేసింది. 75 గజాల లోపు స్థలంలో చిన్న ఇల్లు కట్టుకునేవాడికి అనుమతి అక్కర్లేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు అని రాశారు. పేదవాడికి అర్థమయ్యే వాక్యం అది. నాకు నచ్చనిది ఇంకోటుంది. కూర్పు, కొత్త విధానం రెండూ ఒకే కుండలో వండారు. నాటిన మొక్కల్లో నూటికి 85 బతకాలి, లేకపోతే సర్పంచి, కార్యదర్శి జవాబు చెప్పాలి అన్న నిబంధన మంచిదా కాదా అనే చర్చలో, పాత చట్టంలో ఏవి తీసేశారో చూసేవాళ్లు లేకపోయారు. పైగా హైదరాబాదు నగరాన్నే ఆ కొత్త పుస్తకంలోంచి తప్పించి, 1955 చట్టం కిందే ఉంచారు. అన్నిటికన్నా పెద్ద ఇల్లు బయటే ఉండిపోయింది.

ఢిల్లీలో జరిగింది కేవలం వడపోత. 2014లో వేసిన కమిటీ తీసేయదగ్గ కేంద్ర చట్టాలు 1,741 అని లెక్క తేల్చింది. ఆ తర్వాతి ఏళ్లలో 1,500కు పైగా తీసేశారు. అంకె గొప్పగానే ఉంది. అందులో చాలాభాగం ఏటేటా చేసే బడ్జెటు కేటాయింపు చట్టాలు, ఎప్పుడో మూలచట్టంలో కలిసిపోయిన సవరణ చట్టాలు. ఎండుటాకులు ఊడవడం అవసరమే, దాంతో చెట్టు కొమ్మలు కత్తిరించినట్టు కాదు.

అమెరికా పట్నాల్లో పద్ధతి చిన్నదే గాని గట్టిది. ఊరి సభ చేసిన ప్రతి తీర్మానాన్నీ విషయాన్నిబట్టి అంకె ఇచ్చి ఊరి చట్టగ్రంథంలో దాని చోట చేరుస్తారు. ఒకప్పుడు విడిపేజీల పుస్తకం ఉండేది, సవరణ వస్తే పాత పేజీ తీసి కొత్తది పెట్టేవారు. ఇప్పుడు చాలావరకు తెర మీదే. ప్రతి సెక్షన్ కింద ఇది ఎప్పుడు చేశారు, ఎప్పుడెప్పుడు దిద్దారు అని ఒక వరస ఉంటుంది. మనం చీటీ అంటిస్తే, వాళ్లు పేజీ మార్చారు. తేడా అంతే. కానీ చీటీ ఒక్క బీరువాలో ఉంటుంది, పేజీ అందరికీ వెళుతుంది.

అందరికీ వెళ్లడం అన్న ముక్క దగ్గర మనం మరీ వెనకబడ్డాం. ప్రభుత్వ ఉత్తర్వులు అందరూ చూసే వెబ్‌సైటులో పెట్టడం 2021 ఆగస్టులో ఆపేశారు, 2024లో మళ్లీ మొదలుపెట్టారు. ఆ మూడేళ్లలో "జీవో చూస్తాం" అన్న మాట విన్నవాడికి చూడ్డానికి జీవో లేదు. భాష సంగతి సరేసరి. 1966లో అధికార భాషా చట్టం వచ్చింది, 1974లో వావిలాల గోపాలకృష్ణయ్యగారి అధ్యక్షతన సంఘం వేశారు. అయినా రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం చట్టానికి ప్రామాణిక పాఠం ఇంగ్లీషుదే. తెలుగులో చట్టం రాయలేమా అంటే, పదమూడో శతాబ్దంలోనే కేతన మితాక్షరను తెలుగు పద్యాల్లో పెట్టి విజ్ఞానేశ్వరీయం అన్నాడు. పద్యంలో రాయగలిగినవాళ్ల వారసులం, వచనంలో రాయలేమంటే నేను నమ్మను. బంటుమిల్లి కార్యదర్శి బల్లమీద కావలసింది ప్రామాణిక పాఠం కాదు, నమ్మదగ్గ తెలుగు పాఠం. తగాదా వస్తే ఇంగ్లీషు చూడొచ్చు. రోజూ వచ్చేవాడికి తెలుగు చాలు.

నా లెక్కలో ఈ పని మూడు దశల్లో జరగాలి, వరస తప్పితే చెడుతుంది. మొదట వడపోత: ఏ నిబంధన బతికుందో, ఏది చచ్చిందో జిల్లాస్థాయిలోనే ఒక జాబితా. దీనికి శాసనసభ అక్కర్లేదు, ఒక పాత కార్యదర్శి, ఒక పట్టణ ప్రణాళిక అధికారి, ఒక లాయరు, ఆర్నెల్లు చాలు. తర్వాత కూర్పు: మాట మార్చకుండా ఒకచోట చేర్చి, ఏ తేదీకి ఇది సరైన పాఠమో పైన రాయడం. చివరికి సవరణ. కొలగారం ఉంచాలా, చెరువు మురుగుకు కొత్త నిబంధన కావాలా అన్న తగాదాలన్నీ ఈ మూడో దశలోనే. తెలంగాణ మూడో దశతో మొదలుపెట్టింది, ఢిల్లీ మొదటిదాంతో ఆగిపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో 13,351 పంచాయతీలున్నాయి. ఒక్కసారి కూర్చిన పుస్తకం అన్నిటికీ పనికొస్తుంది.

అడగడానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. 2005 సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ ప్రతి కార్యాలయమూ తాను వాడే నిబంధనలు, సూచనలు, మాన్యువళ్లు తానే ప్రకటించాలని చెబుతోంది, ఎవరూ అడగకముందే. మీ ఊరి పంచాయతీ ఆఫీసుకు వెళ్లి ఆ జాబితా చూపించమనండి. లేదంటే తెల్లకాగితం మీద దరఖాస్తు రాసివ్వండి. మండలంలో 5 రూపాయలు, పైన 10 రూపాయలు. గ్రామస్థాయిలో దరఖాస్తుకు రుసుం లేదు.